అతను ఆడిన రోజుల్లో జరిగే నష్టం

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ సీజన్ మొదలవడానికి ఇంకా మూడు వారాలుందనగా ఒక పాత స్నేహితుడు మెసేజ్ పెట్టాడు. "వాడు ఫిట్‌గా ఉంటే టాప్ ఫోర్ గ్యారంటీ రా, వాడికేమన్నా అయితే మనల్ని ఆ దేవుడే కాపాడాలి." ఎవరి గురించి అన్నాడన్నది ఇక్కడ పెద్దగా అవసరం లేదు. ఏ జట్టు అభిమానిని ఆగస్టు ముందు కదిలించినా ఇదే మాట వస్తుంది, పేరొక్కటే మారుతుంది. "అవును" అని టైప్ చేసి, పంపకుండా ఆగిపోయాను. రెండు రోజులైనా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

అతను గాయపడితే ఎలా అన్నది మావాడి భయం. నా భయం వేరే. అతనికి ఏమీ కాకుండా 38 మ్యాచ్‌లూ ఆడి, పాతిక గోల్స్ కొట్టేస్తే మిగతా పదిమంది ఏమైపోతారు? ఒక్కడి మీద ఆధారపడిన జట్టుకి అతను లేని రోజు నష్టం జరుగుతుందని అందరం అనుకుంటాం. ఆ రోజు అది బయటపడుతుంది, అంతే. జరిగిపోయేది అంతకుముందే, అతను ఆడుతూ, మనం గెలుస్తూ, చప్పట్లు కొడుతూ ఉన్న రోజుల్లో. ఇది టీవీ ముందు కూర్చుని అల్లుకున్న అభిప్రాయం కాదు, నేను అలాంటి జట్టులో ఒకసారి ఆడాను.

మా తొమ్మిదో నంబర్

కాలేజీలో నేను రైట్ బ్యాక్, అంటే కుడి పక్క డిఫెండర్‌ని. మా జట్టులో గోల్స్ కొట్టే స్ట్రైకర్ ఒకడుండేవాడు, పేరు చెప్పను, తొమ్మిదో నంబర్ జెర్సీ వేసుకునేవాడు. మేమంతా బాల్ ఆపడానికే రెండు టచ్‌లు తీసుకుంటుంటే, అతను మొదటి టచ్‌తోనే డిఫెండర్‌ని దాటేసేవాడు. మా కోచ్ చెప్పిన ప్లాన్ కూడా ఒక్కటే: బాల్ దొరగ్గానే వాడికి పంపండి. అది బాగానే పనిచేసింది. ఆ టోర్నమెంట్‌లో మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచాం. కుడి పక్కనుంచి ఒక పొడుగు పాస్ నాకు బాగా అలవాటైంది. సెంటర్ సర్కిల్ దాటాక ఎడమవైపున అతను ఎక్కడ నిలబడతాడో తల ఎత్తకుండానే తెలిసేది. మా ఇద్దరికీ మంచి అవగాహన ఉందని అందరూ మెచ్చుకుంటుంటే నేనూ పొంగిపోయాను.

సెమీఫైనల్ ముందురోజు ప్రాక్టీస్‌లో అతని చీలమండ బెణికింది. తెల్లారేసరికి వాచిపోయి బూటు ఎక్కలేదు. మ్యాచ్ మొదలైన పావుగంటకి అనుకుంటా, నాకు బాల్ వచ్చింది. దగ్గర్లో ఎవరూ లేరు, కావలసినంత టైమ్ ఉంది. తల ఎత్తి చూశాను. అతను రోజూ నిలబడే చోట ఉత్త గడ్డి కనిపించింది. ఆ క్షణంలో నా కాళ్లకి ఏం చేయాలో తోచలేదు. అర సెకను కూడా కాదేమో, ఈలోగా వాళ్ల వింగర్ వచ్చి నా కాలి దగ్గరనుంచే బాల్ లాక్కుని వెళ్లిపోయాడు, గోల్ పడింది. ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ ఇచ్చుకున్నాం, ఒక్కటీ కొట్టలేదు.

అతను లేకపోవడం వల్లే ఓడిపోయామని అందరూ అన్నారు, చాలా ఏళ్లు నేనూ అదే చెప్పుకున్నాను. కానీ స్ట్రైకర్ లేకపోతే గోల్ కొట్టలేకపోవాలి గానీ, మూడు ఎందుకు ఇచ్చుకుంటాం? నా మటుకు నాకు జవాబు తెలుసు. మొదటి మూడు మ్యాచ్‌ల్లో తల ఎత్తకుండా అతనికి పాస్ ఇచ్చిన ప్రతిసారీ, మైదానం చూడటమనే పనిని నేను కొంచెం కొంచెంగా మానేస్తూ వచ్చాను. అతను బాగున్నంతకాలం అది తప్పని ఎవరికీ అనిపించలేదు, నాకైతే అసలే అనిపించలేదు.

101 గోల్స్ వెనకున్న 50

నేను లివర్‌పూల్ అభిమానిని. మా తరం లివర్‌పూల్ వాళ్లకి 2013-14 ఇప్పటికీ మానని గాయమే. ఆ వేసవిలో మా స్ట్రైకర్ సువారెజ్ వెళ్లిపోతానన్నాడు. ఆర్సెనల్ 4 కోట్ల పౌండ్ల మీద ఒక్క పౌండు ఎక్కువ వేసి అడిగింది, మావాళ్లు ఇవ్వలేదు, కొన్నాళ్లు అతన్ని జట్టుకి దూరంగా వేరే ప్రాక్టీస్ చేయించారు. పైగా చెల్సీ డిఫెండర్ ఇవనోవిచ్‌ని కొరికినందుకు పడిన పది మ్యాచ్‌ల నిషేధం ఇంకా పూర్తికాలేదు కాబట్టి, లీగ్‌లో మొదటి ఐదు మ్యాచ్‌లకి అతను ఎలాగూ లేడు. అప్పుడు మా టెన్షన్ ఇంతా అంతా కాదు.

ఆ ఐదు మ్యాచ్‌లూ ఒకసారి గుర్తు చేసుకోండి. మూడు 1-0 విజయాలు, అందులో ఒకటి మాంచెస్టర్ యునైటెడ్ మీద. స్వాన్సీతో 2-2 డ్రా, సౌతాంప్టన్ చేతిలో 0-1 ఓటమి. 15 పాయింట్లకి 10 వచ్చాయి, ఐదు మ్యాచ్‌ల్లో ఇచ్చుకున్న గోల్స్ మూడే. చూడటానికి అంత అందంగా లేని ఆట. మా రెండో స్ట్రైకర్ స్టరిడ్జ్ ఒక గోల్ కొట్టడం, తర్వాత అందరూ వెనక్కొచ్చి దాన్ని కాపాడుకోవడం. ఎవరి పని ఏమిటో ఎవరికి వాళ్లకి తెలిసిన జట్టులా ఉండేది.

తర్వాత సువారెజ్ వచ్చాడు. 33 మ్యాచ్‌ల్లో 31 గోల్స్, అందులో ఒక్కటి కూడా పెనాల్టీ లేదు. అంత ఆనందంగా నేను మళ్లీ ఏ సీజన్ చూశానో చెప్పలేను. మొత్తం 101 గోల్స్ కొట్టాం, 50 ఇచ్చుకున్నాం. అంటే అతను ఆడిన 33 మ్యాచ్‌ల్లో 47 పడ్డాయి. ఐదు మ్యాచ్‌ల్ని పట్టుకుని ఏదో తేల్చెయ్యడం సరికాదని నాకూ తెలుసు, ఆ గోల్స్‌కి సువారెజ్ బాధ్యుడని అస్సలు అనను. నాలుగు కొట్టేవాడు ముందున్నాడు కదా, వెనక రెండు పడితే ఏమైందిలే అన్న ధీమా మా జట్టులోకి ఎక్కింది, మాలోకీ ఎక్కింది. రెండు పడితే మూడు కొడదాం, మూడు పడితే నాలుగు.

క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్ అందరికీ తెలిసిందే. 79వ నిమిషం దాకా 3-0 ఆధిక్యంలో ఉండి, 3-3తో ముగించాం. టైటిల్‌కి గోల్స్ తేడా కూడా కావాలని ఇంకా ఇంకా కొట్టడానికే పరిగెత్తాం తప్ప వెనక ఎవరూ లేరని ఎవరూ చూడలేదు. ఆఖరి విజిల్ తర్వాత సువారెజ్ జెర్సీని మొహం మీదకి లాక్కుని ఏడ్చాడు. సీజన్‌లో అందరికన్నా ఎక్కువ చేసినవాడే అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. రెండు పాయింట్ల తేడాతో టైటిల్ పోయింది.

ఆ వేసవిలో అతను బార్సిలోనాకి వెళ్లిపోయాడు. తర్వాతి సీజన్లో మేము కొట్టింది 52, ఇచ్చుకున్నది 48. ఆరో స్థానం. లీగ్‌లో మా టాప్ స్కోరర్ మిడ్‌ఫీల్డర్ జెరార్డ్, తొమ్మిది గోల్స్‌తో. స్టరిడ్జ్ గాయాలతో చాలా మ్యాచ్‌లకి దూరమయ్యాడు, అదీ ఒక కారణమే. అయినా ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి: 50, 48. గుంత ఉన్నచోటే ఉంది, దానిమీద కప్పిన దుప్పటి మాత్రం పోయింది. ఆ ఏడాదంతా మేము సువారెజ్ స్థానంలో ఎవరు రావాలి అని కొట్టుకున్నాం తప్ప గుంత గురించి మాట్లాడుకోలేదు.

కేన్ వెళ్లిన మర్నాడు

ఇది మా ఒక్క జట్టుకి పట్టిన జబ్బే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. టోటెన్‌హామ్ 2022-23 చూడండి. కేన్ 30 గోల్స్ కొట్టాడు, జట్టు మొత్తం కొట్టింది 70. అలాంటి స్ట్రైకర్ ఉండి కూడా ఎనిమిదో స్థానం, ఎందుకంటే ఇచ్చుకున్నవి 63. మరుసటి సీజన్లో వాళ్ల మొదటి మ్యాచ్‌కి సరిగ్గా ఒక్కరోజు ముందు, 2023 ఆగస్టు 12న, కేన్ బయెర్న్‌కి వెళ్లిపోయాడు. 13న బ్రెంట్‌ఫర్డ్‌తో మొదటి మ్యాచ్. ఆ అభిమానుల బాధ ఊహించగలను, ఎవరికీ రాకూడదు అలాంటి శనివారం. అయినా మొదటి పది మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలిచి, రెండు డ్రా చేసుకుని, పట్టికలో పైన కూర్చున్నారు. తర్వాత గాయాలతో జోరు తగ్గినా, చివరికి 74 గోల్స్‌తో ఐదో స్థానంలో నిలిచారు.

అటు కేన్ జర్మనీలో మొదటి ఏడాదే లీగ్‌లో 36 గోల్స్ కొట్టాడు. వరుసగా 11 టైటిల్స్ గెలిచిన బయెర్న్ ఆ ఏడాది మూడో స్థానానికి పడింది. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచిన లెవర్కూసెన్‌లో ఎవరూ లీగ్‌లో 20 గోల్స్ కూడా కొట్టలేదు.

కేన్ పోవడమే మంచిదైందని చెప్పడం నా ఉద్దేశం కాదు. టోటెన్‌హామ్‌కి అదే వేసవిలో కొత్త కోచ్ వచ్చాడు, ఆటతీరే మారింది. పైగా ఇంకో ఏడాది తిరిగేసరికి లీగ్‌లో 17వ స్థానానికి జారారు, యూరోపా లీగ్ కప్పు గెలిచింది కూడా ఆ ఏడాదే. స్టార్ పోతే జట్టు బాగుపడుతుందనే సూత్రం ఏమీ లేదు. అతను ఉన్నప్పుడు అడగని ప్రశ్నలు, అతను వెళ్లిన మర్నాడు తప్పనిసరిగా అడగాల్సి వచ్చాయి. నన్ను పట్టి పీడించేది ఆ మర్నాడే. ఆ ప్రశ్నలు జులైలోనే, అతను పక్కనే ఉండగా, ఎందుకు అడగలేదు?

మావాడి వాదన

ఇదంతా ఫోన్లో చెబితే నా స్నేహితుడు ఒప్పుకోలేదు. "డబ్బున్న క్లబ్బులకి చెప్పు ఈ కబుర్లు. చిన్న జట్టుకి ఇరవై గోల్స్ కొట్టేవాడు దొరకడమే అదృష్టం. ఉన్నవాడిని వాడుకోకుండా దాచుకుంటామా?" అన్నాడు.

ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. కింది డివిజన్‌కి పడిపోయే ప్రమాదమున్న జట్టుకి ఒక్క సీజన్ నిలబడటం అంటే ఉద్యోగాలు, జీతాలు, క్లబ్ మనుగడ. అలాంటి కోచ్‌తో "మిగతావాళ్లని ఎదగనివ్వండి" అని నేను చెబితే, "నువ్వొచ్చి ఆడతావా?" అని అడుగుతాడు, అడగాలి కూడా. నాలుగు పాస్‌ల్లో మూడు అతనికే ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. 2024-25లో సలా 29 గోల్స్ కొట్టి, 18 కొట్టించి, మా 86 గోల్స్‌లో 47 తన మీదుగా నడిపించాడు, టైటిల్ వచ్చింది. ఒక్కడి భుజం మీద అంత బరువుండీ గెలిచాం కదా అంటే, గెలిచాం. అయితే ఆ జట్టు వెనక డిఫెన్స్‌లో వాన్ డైక్ ఉన్నాడు, మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురికీ ఎవరి పని వాళ్లకుంది, సలా గోల్ కొట్టని రోజున కూడా ఆ పనులు ఆగలేదు.

బాల్ ఎన్నిసార్లు అతనికి వెళ్లిందని లెక్కపెట్టడం వల్ల నాకు తెలిసేది తక్కువ. ఇచ్చాక మిగతావాళ్లు ఏం చేస్తున్నారో చూస్తాను. పరిగెత్తుతున్నారా, నిలబడి చూస్తున్నారా?

మనం అనుకునే స్టారేనా?

ఇంకో ఇబ్బంది ఉంది. ఎవరి మీద ఆధారపడ్డామో చాలాసార్లు మనకే తెలియదు. సీజన్ ముందు అందరూ మాంచెస్టర్ సిటీ అంటే స్ట్రైకర్ హాలండ్ అని రాస్తారు. హాలండ్ రాకముందు, 2021-22లో, సిటీ లీగ్‌లో 99 గోల్స్ కొట్టింది. అతనొచ్చి 36 కొట్టిన ఏడాది జట్టు కొట్టినవి 94. లీగ్, ఎఫ్‌ఏ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ ఆ ఏడాదే గెలిచారు కాబట్టి అతని విలువ తగ్గించి చెప్పడం లేదు. కానీ అతను లేకపోయినా గోల్స్ ఎలా కొట్టాలో ఆ జట్టుకి తెలుసు.

2023-24 లీగ్‌లో సిటీ ఓడింది మూడే మ్యాచ్‌లు. మూడింటిలోనూ మిడ్‌ఫీల్డర్ రోడ్రి లేడు. పెద్ద అక్షరాల్లో రాసి గోడకి అంటించాల్సిన విషయం అది. 2024 సెప్టెంబర్ 17న, మ్యాచ్‌లు మరీ ఎక్కువైపోయాయి, ఆటగాళ్లు స్ట్రైక్‌కి దగ్గర్లో ఉన్నారా అని అడిగితే, ఉన్నామనే రోడ్రి చెప్పాడు. ఐదు రోజుల తర్వాత, ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో, అతని మోకాలి లిగమెంట్ తెగింది. అంతకుముందు ఏడాది 91 పాయింట్లు తెచ్చుకున్న జట్టు 71తో మూడో స్థానంలో మిగిలింది. హాలండ్ అక్కడే ఉన్నాడు, 22 గోల్స్ కొట్టాడు కూడా.

రోడ్రి అంతవరకు ప్రతి ఖాళీనీ పూడ్చేవాడు కాబట్టి, ఆ ఖాళీలు ఉన్నాయని ఎవరికీ కనిపించలేదు. గోల్స్ పట్టికలో అతని పేరు ఎక్కడో కిందుంటుంది. 2016లో లీస్టర్ కూడా వార్డీనీ మహ్రెజ్‌నీ నిలుపుకుని మిడ్‌ఫీల్డర్ కాంటేని చెల్సీకి అమ్మింది. మరుసటి ఏడాది లీస్టర్ 12వ స్థానం, చెల్సీ ఛాంపియన్.

ఛెత్రి విషయంలో నాకున్న అనుమానం

ఇప్పటిదాకా రాసినదాన్ని నేనే సందేహించేలా చేసేది మన జాతీయ జట్టు. స్టార్ పక్కకి తప్పుకుంటే మిగతావాళ్లు నేర్చుకుంటారు అన్నది నిజమైతే, సునీల్ ఛెత్రి 2024 జూన్ 6న కువైట్‌తో 0-0 డ్రా తర్వాత వీడ్కోలు చెప్పాక ఎవరో ఒకరు ముందుకు రావాలి కదా. రాలేదు. ఆ ఏడాదంతా ఒక్క మ్యాచ్ గెలవలేదు. 94 గోల్స్ కొట్టి వెళ్లినవాడిని 2025 మార్చిలో, 40 ఏళ్ల వయసులో, మళ్లీ పిలిచారు. వచ్చి మాల్దీవుల మీద గోల్ కొట్టాడు, 3-0తో గెలిచాం. 2023 నవంబర్ తర్వాత అదే మొదటి గెలుపు. ఆ హెడర్ చూసి ఎంత సంతోషించానో, ఆ వెంటనే గొంతులో ఏదో అడ్డుపడింది. ఆయన తిరిగి రావడం ఆయన గొప్పతనం. తిరిగి పిలవాల్సి రావడం ఎవరి తప్పు?

ఒక్కడు తప్పుకోగానే ఇంకొకడు తయారవడు, అది వెంటనే కనిపించిన పాఠం. రెండోది ఇంకా వెనక్కి వెళ్తుంది. ఛెత్రి జాతీయ జట్టులోకి వచ్చింది 2005లో. దాదాపు ఇరవై ఏళ్లు ఆయన గోల్స్ కొడుతూనే ఉన్నాడు. ఈలోగా మన క్లబ్బుల్లో ముందు నిలబడే స్ట్రైకర్ స్థానం ఎక్కువగా విదేశీ ఆటగాళ్లకి వెళ్లింది. మన కుర్రాళ్లలో గోల్ కొట్టే చురుకుదనం ఉన్నవాళ్లని వింగ్‌లోకి పంపారు, లేదా బెంచ్ మీద కూర్చోబెట్టారు. పెనాల్టీ బాక్స్‌లో గోల్‌కి వీపు పెట్టి, సెంటర్ బ్యాక్‌ని భుజంతో ఆపుతూ బాల్ అందుకోవడం పదిహేనేళ్ల వయసు నుంచి వారం వారం ఆడితేనే వస్తుంది. ఛెత్రి ఉన్నంతకాలం ఆ లోటు మనకి నొప్పి పుట్టించలేదు, నొప్పి లేదు కాబట్టి వైద్యమూ లేదు. ఆఖరికి ఆయన తిరిగొచ్చినా పని జరగలేదు. 2025 అక్టోబర్‌లో సొంతగడ్డ మీద సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ అర్హత పోగొట్టుకున్నాం.

అందుకే నా మాటని కొంచెం సవరించుకుంటున్నాను. అతను లేకుండా ఆడటం నేర్చుకోవాలంటే అతను ఉండాలి. అతను పక్కనే ఉండి, ఓడినా కొంప మునగని మ్యాచ్‌ల్లో, ఇంకొకడు ఆ స్థానంలో తడబడే అవకాశం ఉండాలి. వెళ్లిపోయాక నేర్చుకునేది నేర్చుకోవడం కాదు, మునుగుతూ చేతులాడించడం.

అతని వైపు నుంచి

ఎప్పుడూ జట్టు గురించే మాట్లాడతాం, ఆ ఒక్కడి గురించి తక్కువ. 2013 ఏప్రిల్‌లో తొడ కండరం పట్టేసిన మెస్సీని బార్సిలోనా, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో పారిస్ క్లబ్ పీఎస్‌జీతో రెండో మ్యాచ్‌లో బెంచ్ మీద ఉంచింది. 0-1తో వెనకబడ్డాక, గంట దాటాక దింపారు. పూర్తిగా పరిగెత్తలేని మెస్సీ వచ్చిన పది నిమిషాలకే పెడ్రో గోల్ కొట్టాడు, గండం గట్టెక్కింది. అప్పుడు మేమంతా ఆహా అన్నాం. సెమీస్‌లో బయెర్న్ చేతిలో ఓడారు, మొదటి మ్యాచ్ 0-4, రెండో మ్యాచ్ 0-3. ఆ రెండో మ్యాచ్ మొత్తం మెస్సీ జాకెట్ వేసుకుని బెంచ్ మీదే కూర్చున్నాడు. కెమెరా ఊరికే అతని వైపు తిరుగుతుంటే, మైదానంలో ఉన్న పదకొండు మంది కూడా అటే చూస్తున్నట్టు అనిపించింది నాకు.

2014 ప్రపంచకప్‌లో జర్మనీతో సెమీఫైనల్లో అయితే బ్రెజిల్ ఆటగాళ్లు జాతీయగీతం పాడుతూ నెయ్‌మార్ జెర్సీని ఎత్తి పట్టుకున్నారు. వెన్నెముకకి దెబ్బ తగిలి మంచమెక్కాడు గానీ అతను బతికే ఉన్నాడు, ఆ జెర్సీ పట్టుకున్న తీరు మాత్రం సంతాపసభలా ఉంది. 29 నిమిషాలకి 0-5. చివరికి 1-7. డిఫెన్స్‌లో థియాగో సిల్వా కూడా లేడు, నిజమే. కానీ ఒక ఫార్వర్డ్ లేనందుకు ఏడు గోల్స్ పడవు. వాళ్లు ఆట మొదలవకముందే ఓడిపోయారనే నా నమ్మకం. రెండేళ్ల తర్వాత యూరో ఫైనల్లో రొనాల్డో 25వ నిమిషంలో ఏడుస్తూ బయటికొచ్చినా పోర్చుగల్ చెదరలేదు, 109వ నిమిషంలో ఎడర్ కొట్టాడు. ఆ టోర్నీ అంతా పోర్చుగల్ విసుగొచ్చే ఆట ఆడిందని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. గోల్ పడకుండా నిలబడటం వాళ్లు అతను ఉన్నప్పుడే అలవాటు చేసుకున్నారని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

కాలేజీ అయిపోయిన చాలా ఏళ్లకి మా తొమ్మిదో నంబర్‌ని ఒక పెళ్లిలో కలిశాను. ఆ సెమీఫైనల్ గురించి మాటొచ్చింది. "ఆ రోజు కాలు వాచిందని చూసుకున్నప్పుడు ముందు నాకు హాయిగా అనిపించింది రా" అన్నాడు. ప్రతి మ్యాచ్ ముందూ కడుపులో తిప్పేసేదట, ఎవరికీ చెప్పలేదట. "నాకు బాల్ ఇచ్చి మీరంతా నడిచేవాళ్లు. నేను తిరిగి చూస్తే ఒక్కడూ దగ్గర్లో ఉండేవాడు కాదు." నాకు ఏం చెప్పాలో తెలియలేదు. మేము అతన్ని భుజాల మీద మోస్తున్నామనుకున్నాం, ఇన్నేళ్లూ.

టికెట్ మీద అతని బొమ్మ

ఇదంతా సరిచేసుకోవడానికి ప్రీ-సీజన్‌కి మించిన కాలం లేదు. పాయింట్లు ఉండవు, ఓడినా ఎవరూ పట్టించుకోరు. కానీ ఈ రోజుల్లో ఆ నాలుగు వారాలే స్టార్ లేకుండా గడవనివి. పర్యటన ఒప్పందాలు అతని పేరు మీదే కుదురుతాయి, టికెట్ మీద అతని బొమ్మే ఉంటుంది. 2019 జులైలో సియోల్‌లో యువెంటస్ మ్యాచ్‌కి రొనాల్డో కనీసం 45 నిమిషాలు ఆడాలన్నది ఒప్పందమని నిర్వాహకులు చెప్పారు. అతను బెంచ్ మీదే ఉండిపోయాడు, కొందరు ప్రేక్షకులు కోర్టుకి వెళ్లి పరిహారం తెచ్చుకున్నారు. 2024 ఫిబ్రవరిలో హాంకాంగ్‌లో ఇంటర్ మయామి ఆడినప్పుడు మెస్సీ దిగలేదు, దాదాపు 40 వేలమంది డబ్బులు వెనక్కివ్వమని అరిచారు, నిర్వాహకులు చివరికి సగం ఇస్తామన్నారు.

ఆ ప్రేక్షకుల్ని నేను తప్పుపట్టను. జీవితంలో ఒక్కసారి చూడగలిగే మనిషి కోసం దాచుకున్న డబ్బు అది. అయితే కోచ్ పరిస్థితి ఆలోచించండి. రెండో స్ట్రైకర్‌ని అసలు జట్టుతో గంటసేపు ఆడించి చూద్దామనుకుంటే, స్టేడియం మొత్తం వేరొకరి పేరు అరుస్తూ ఉంటుంది. అందుకే చివరి 20 నిమిషాల్లో, అరడజను మార్పుల మధ్య, ఎవరితో ఆడుతున్నాడో తెలియని గందరగోళంలో ఆ కుర్రాడికి "అవకాశం" ఇస్తారు. వాడు ఏం చేయగలడు? ఏమీ చేయలేకపోతే, చూశారా, స్టార్ తప్ప గతి లేదు అని మనమే అంటాం.

నేను కోరుకునేది పెద్ద విప్లవమేమీ కాదు. గేట్లు మూసి ఆడుకునే ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో రెండైనా అతన్ని గ్యాలరీలో కూర్చోబెట్టి, మిగతా పదిమందీ అసలు జట్టే ఉండగా, అతని స్థానంలో ఇంకొకడిని 90 నిమిషాలూ ఆడించాలి. గోల్ రాకపోయినా ఆడించాలి. పెనాల్టీ, ఫ్రీకిక్, కార్నర్, అన్నింటికీ అతనే పరిగెత్తుకొస్తుంటే కనీసం ఒకటి ఇంకొకరికి అప్పగించాలి. సీజన్ మధ్యలో తేలిగ్గా గెలిచే మ్యాచ్‌లుంటాయి కదా, 3-0 అయ్యాక కూడా హ్యాట్రిక్ కోసం అతన్నే ఉంచడం ఆపాలి. మనం కూడా అతన్ని బయటికి పిలవగానే కోచ్‌ని తిట్టడం ఆపాలి, ఇది నాకే ముందు చెప్పుకుంటున్నాను.

నా స్నేహితుడికి ఇవాళ ఉదయం జవాబు పంపాను. టాప్ ఫోర్ గురించి ఏమీ రాయలేదు. వచ్చే వారం మొదటి ప్రాక్టీస్ మ్యాచ్ ఉంది, ఇద్దరం కలిసి చూద్దామన్నాను. వాడు ఎలాగూ ఆ ఒక్కడినే చూస్తాడు. నేను మాత్రం రైట్ బ్యాక్‌ని చూస్తాను. కాలి దగ్గరకి బాల్ వచ్చాక తల ఎత్తుతాడో లేదో, ఎత్తితే ఎటు చూస్తాడో.